వంగే మోకాలు

"ఇంకోసారి నడువన్నా. ఈసారి ఆ గోడ కాడినుంచి ఈ అరుగు దాకా."

"ఎన్నిసార్లు నడిపిస్తావమ్మా? ఇంతసేపు నడిచింది చాలదా?"

"చాలదు. మధ్యలో ఆ రాతిగుండ్లు ఉండాయి కదా, వాటి మీదినుంచి దాటుకుంటా రా."

"గుండ్లేమి లెక్క, గోడ ఎక్కమన్నా ఎక్కుతా. సూడు."

రెండువేల ఏడు జూన్‌లో, యాడికి అనే ఊరి దగ్గరి ఒక పల్లెలో, మాజీ సైనికుడు కుళ్ళాయప్ప ఇంటి ముందు జరిగిన మాటలివి. ఐదేళ్ళ కిందట రాజస్థాన్ సరిహద్దులో మందుపాతర పేలి అతని ఎడమ కాలు తొడ దాకా పోయింది. రెండేళ్ళ కిందట బెంగళూరులోని ఒక ధర్మసంస్థ అతనికి మోకాలు వంగే కాలు పెట్టించింది. మాజీ సైనికుల బాధల మీద పరిశోధన చేయించడం, వాళ్ళ పిల్లలకు వైద్యం చదివించడం ఆ సంస్థ పని. ఆనాడు ఆ కాలు అమర్చిన గుంతకల్లు అమ్మాయి కృపాకుమారి ఈ ఉదయం చెప్పాపెట్టకుండా జీపు దిగింది. ఆమెను చూడగానే కుళ్ళాయప్పకు పండగ వచ్చినట్టయింది; లోపలున్న భార్యను కేకేశాడు.

"సిద్దమ్మా! ఇట్రా! ఎవురొచ్చినారో సూడు. కృపమ్మ! నాకు కాలు పెట్టిన తల్లి!"

"సూస్తానే ఉండా. ముందు ఆయమ్మను కూచోనీ. వచ్చిన కాన్నుంచి వాకిట్లో తిరగతానే ఉండావు. కూచోమ్మా, మజ్జిగ తెస్తా."

"వద్దు వదినా. పొద్దుగాల్నే బయలుదేరినాం, ఎండ ఎక్కకముందే పోవాల."

"యాడికి పోయేది? అన్నం తినకుండా పోతావా మా ఇంటినుంచి? సంగటి దించినా, ఊరిబిండి నూరినా. నోరు మూసుకొని కూచో."

"ఆ మాట వినమ్మా. ఈమె చెప్తే నేనే ఎదురు చెప్పను. సరే, ఇది చెప్పు. ఏమిటికి ఇంత తొందరగా వచ్చినావు? మల్లా బెంగుళూరికి పిలుస్తాండారా నన్ను?"

"లేదన్నా."

"పోయినేడు పిలిచినారు కదా. అంత పెద్ద హాలు. మెట్లెక్కి సూపించమన్యారు, ఎక్కినా. దిగమన్యారు, దిగినా. సదువుకునే డాక్టరు పిల్లోల్లు ఒకరెనక ఒకరు వచ్చి తొడ తాకి సూసినారు. ఒక పిల్లోడు 'సార్, మీరు మాకు మేష్టరు' అన్యాడు. నేను ఏడో తరగతి, వానికి మేష్టరంట!"

"నిజమే అన్నాడన్నా. పుస్తకంలో ఉండేది వేరే, నీ తొడ మీద ఉండేది వేరే."

"మరి ఇస్త్రీ చొక్కా పెట్టెలో పెట్టినా, మల్లా పిలుస్తారని."

"ఈసారి పిలవలేదు. నేనే వచ్చినా. అన్నా, తొడ మీద పుండ్లేమన్నా?"

"ఒక్కటి లేదు. ముందు కట్టుకున్న కాలుంది సూడు, అది కట్టితే సాయంత్రానికి నెత్తురే. ఇదైతే ఒంట్లో పుట్టినట్టుండాది."

"పొలంలో?"

"పొలమే కదమ్మా అసలు సంగతి! పోయినేడు ఇత్తనం గొర్రు పట్టినా. నమ్మవు నువ్వు. దున్నిన నేల, కాలు కూరుకపోతాది, మంచి కాల్లున్నోనికే కష్టం. అయినా ఎద్దుల యెనక పొద్దు గూకే దాకా నడిచినా. ఊరంతా గట్టు మీద నిలబడి సూసినారు."

"నేను గొర్రు కాడనే ఇత్తనాలు పోస్తాంటి. ఏడుపొచ్చె నాకు."

"ఏడ్చిందమ్మా నిజంగానే. ఇత్తనాలు పోసేది మానేసి ఏడ్చబట్టె. సాలు తప్పిపాయ."

"అది సరే. రేపు మల్లా ఇత్తనం. మొన్న వాన పడినాది, దారిలో సూసినావు కదా కృపమ్మా?"

"చూసినా వదినా. ఎర్రనేల అంతా తడిసి ఉండాది."

"ఇట్లా పదును దొరికి ఎన్నాళ్ళాయ! నాలుగు దినాలకు ఆరిపోతాది. దాని లోపలే శెనక్కాయ పడాల. ఎద్దులున్నాయి, ఇత్తనం ఉండాది, ఈయప్ప కాలుండాది. ఇంకేం కావల్ల!"

"అన్నా... ఆ మంట సంగతి చెప్పు."

"ఏ మంట?"

"లేని పాదంలో వచ్చేది."

"ఓ, అదా. అది పోయినాదని చెప్పినా కదమ్మా."

"మళ్ళా చెప్పు. నేను సరిగా వినాల."

"ఏముండాది చెప్పేదానికి. మూడేండ్లు మండినాది. కాలు రాజస్థాన్ ఇసకలో పడిపాయ, మంట మాత్రం నాతోనే ఇంటికొచ్చె. లేని బొటనవేలును ఎవురో పటకారుతో మెలి తిప్పినట్టు. ఇంగ్లీషు మందు మింగినా, నాటుమందు మింగినా. యాడుండాదని రాయాల మందు? కాలే లేదు కదా."

"నా చేత పిసికిస్తాండె కృపమ్మా. 'కాలు పిసుకు సిద్దమ్మా' అంటాండె. యాడుంది కాలు? చాప మీద కాలుండాల్సిన చోట చెయ్యి పెట్టి పిసికేదాన్ని. ఉత్త చాపను. తెల్లారే దాకా చాపను పిసికినా నేను."

"ఆ మాటలు ఏమిటికిప్పుడు?"

"ఆయమ్మ అడిగె కదా, చెప్పనీ. ఒగనాడు బాయి కాడికి పోయినాడు. నేను యెంటబడి పోయి చొక్కా పట్టుకొని లాగినా. ఆపొద్దు పట్టు జారింటే నేనిప్పుడు ముండమోపినే."

"సాలు, సాలు! మజ్జిగ తేపో."

"తెస్తా. కానీ కృపమ్మా, నీ కాళ్ళు మొక్కాలనిపిస్తాది నాకు. ఈ కాలు కట్టుకొని నడిచేది మొదలు పెట్టినాక ఆ మంట ఒక్కనాడు రాలేదు. గుర్రు పెట్టి నిద్రపోతాడు. నాకే నిద్ర పట్టదు ఆ గుర్రుకు."

"అస్సలు రాలేదా అన్నా? కాలు విప్పి పండుకున్నప్పుడు?"

"లేదు."

"జ్వరం వచ్చి రెండు దినాలు కట్టుకోకుండా ఉన్నప్పుడు?"

"అప్పుడూ లేదు. నడిచే మనిషికి మంట ఏమిటికొస్తాది? దానికి తెలిసిపోయినాది, వీనికి కాలు వచ్చేసిందని."

"ఎక్కువ దినాలు కట్టుకోకుంటే?"

"నేనేమిటికి కట్టుకోకుండా ఉంటా? ఏమమ్మా, మొగం అట్ల పెట్టినావు? ఆరోగ్గెం బాగుండాదా నీకు?"

"బాగుండాదిలే."

"చదువు యాడ దాకా వచ్చె? పెద్ద డాక్టరు పరీక్ష అంటివి."

"చివరికొచ్చిందన్నా. ఇదొక్కటి రాసి ఇస్తే అయిపోతాది."

"ఏదొక్కటి?"

"ఇదే. నీ సంగతే."

"విన్యావా సిద్దమ్మా! నా సంగతి రాసి ఇచ్చి డాక్టరైతాదంట! మీ నాయన ఉండింటే ఎంత సంబరపడునో. జయరాజు సాబు గుంతకల్లు రైలు స్టేషన్లో అందరికీ తెలిసిన మనిషి. యుద్ధంలో కాలు పోయినా బూట్లు పాలిష్ చేసేవాడంట కదా, ఉండే ఒక్క బూటుకు."

"ఊ. చేసేవాడు."

"ఆయనకు గూడా మంట ఉన్యాదా?"

"చచ్చిపోయే దాకా ఉండె. రాత్రిపూట నోట్లో తువ్వాలు కుక్కుకునేవాడు, మేము నిద్ర లేస్తామని. మేమెవరం నిద్రపోయేవాళ్ళం కాదు. తువ్వాలు ఉన్నాది కాబట్టి నిద్రపోయినట్టు నటించేవాళ్ళం."

"అయ్యో తల్లీ..."

"నాయన పోయినాక ఈ సంస్థ వాళ్ళే చదివించినారన్నా. ఫీజు, పుస్తకాలు, హాస్టలు. సైనికుని బిడ్డవు, సైనికుల కోసమే చదువు అన్నారు. అప్పుడే అనుకున్నా, ఆ మంట ఎట్ల పోతాదో కనుక్కోవాలని."

"కనుక్కున్యావు కదా! నాకు పోగొట్టినావు కదా!"

"ఇంకా లేదన్నా. ఇప్పుడు ఒకసారి కాలు విప్పు."

"విప్పేదానికేముంది. ఈ పట్టీ... ఇదో. తుడిచి పెట్టినా సూడు, మట్టి అంటనియ్యను. సైన్యంలో తుపాకిని ఎట్ల పెట్టుకుంటిమో అట్ల పెట్టుకుంటా."

"అవునన్నా. కొత్తదాని లెక్క ఉండాది. కేశవా! కేశవా, ఇట్ల వచ్చి ఇది తీసకపో. జీపులో పెట్టెలో పెట్టు."

జీపు డ్రైవరు వచ్చి కాలు ఎత్తుకొని వెళ్ళాడు. పెట్టె మూత పడిన చప్పుడు అరుగు దాకా వినిపించింది.

"సూసేదానికి జీపులో ఏమిటికమ్మా? ఈడనే సూడు."

"కూచో అన్నా. లేవద్దు, పడతావు. కూచొనే విను."

"ఏముండాది వినేదానికి? కాలు తెప్పియ్యి, వింటా."

"కాలు సంస్థది అన్నా. ఇచ్చేటప్పుడే చెప్పినాం, పరీక్ష కోసం ఇస్తాండామని. నువ్వు సరే అన్నావు. పరీక్షలో మొదటి పని అయిపోయింది."

"అయిపోతే?"

"వెనక్కి తీసుకోవాల."

"ఏందీ? ఏమంటాండాది ఈయమ్మ? ఏమప్పా, ఏమంటాండాది?"

"ఆగు సిద్దమ్మా. మేడం, వెనక్కి అంటే... బాగు చేసి మల్లా ఇస్తారా?"

"తెలియదన్నా."

"ఇంగోటి ఇస్తారా?"

"ఇప్పుడైతే లేదు."

"ముందుది గొడ్ల కొట్టంలో చెదలు పట్టిపోయినాది మేడం. అది ఇంగ పనికి రాదు."

"తెలుసన్నా."

"తెలిసే తీసుకుంటివా? 'వదినా, వదినా' అని అరుగు మీద కూచొని, మా కష్టమంతా చెప్పించుకొని... నీ కడుపు కాల! ఆ జీపు ఎట్ల కదులుతాదో సూస్తా. చక్రం కింద పండుకుంటా. నా మీద ఎక్కించి పో!"

"సిద్దమ్మా! కూచో! ఇంటికొచ్చిన ఆడబిడ్డను అనకూడని మాట అనొద్దు."

"ఆడబిడ్డ కాదు, కాలు కోసుకపోయేదానికొచ్చిన కటికది!"

"వదిన తిట్టనీ అన్నా. నాకు తగిలేదేమీ లేదు."

"మేడం, ఒక మాట. నాలుగు దినాలియ్యండి. నాలుగే. ఇత్తనం పడనీ. ఆపైన నేనే బస్సెక్కి బెంగుళూరికి తెస్తా. మీ ఆఫీసులో బల్ల మీద నా చేత్తోనే పెడతా. సైనికుని మాట మేడం."

"పెట్టినాక తిరిగి ఎట్ల వస్తావన్నా?"

"అది నా బాధ. పాక్కుంటా వస్తా. నాలుగు దినాలు."

"ఈ పొద్దే తీయాలని చెప్పినారు. ఒక్క దినం కూడా జరిపేది లేదు."

"ఈ పొద్దే ఏమిటికి? నా కాడ ఏం తప్పు జరిగినాది? యాడన్నా ఇరగ్గొట్టినానా? అమ్ముకున్యానా?"

"తప్పు లేదు. నీది బాగా పనిచేసింది కాబట్టే."

"బాగా పనిచేస్తే గుంజుకుంటారా?"

"ఎవరి కాలు ఎక్కువ నడిచిందో ఆ మోకాలే విప్పి చూడాల అన్నా. లోపల ఎంత అరిగింది, యాడ అరిగింది అని. విడపనకల్లు ఎర్రన్నకూ ఇట్లాంటిదే ఇచ్చినాం. ఆయన రెండు నెలలు కట్టి మానేసినాడు, గూటానికి తగిలించినాడు. ఆయనది తీసుకోవడం లేదు."

"గూటానికి తగిలించినోనికి ఉంచి, గొర్రు పట్టినోనిది తీసకపోతారా?"

"ఊ."

"మరి ఎర్రన్నదే తెచ్చి నాకియ్యొచ్చు కదమ్మా? వానికి ఎట్లా వద్దు కదా?"

"ఎవరి కొలత వాళ్ళది అన్నా. ఆయన తొడ వేరే, నీ తొడ వేరే."

"ఏమప్పా, బతిమాలేది సాలు. లెయ్యి. నేను పట్టుకుంటా, జీపు కాడికి పోదాం. ఆ పెట్టె మనమే తీసుకుందాం. ఇద్దరున్నారు వాళ్ళు, మనమూ ఇద్దరమే."

"నేను ఇద్దరిలో లెక్క కాదులే సిద్దమ్మా, ఇప్పుడు."

"అట్ల మాట్లాడొద్దు!"

"మేడం, ఒక్కటి అడుగుతా, నిజం చెప్పు. ఆ మోకాలు విప్పి సూస్తే ఏమైతాది?"

"రిపోర్టు రాస్తాం. దాన్ని పైకి పంపుతాం. ఒప్పుకుంటే ఇట్లాంటి కాళ్ళు మాజీ సైనికులందరికీ ఇస్తారు."

"అందరికీ అంటే?"

"కాలు పోయినోళ్ళందరికీ. దేశం మొత్తం మీద."

"వాళ్ళ మంట గూడా పోతాదా, నాది పోయినట్టు?"

"అది తేల్చాలనే అన్నా ఇదంతా."

"మీ నాయన లాంటోల్లకు."

"...ఊ."

"సరే. తీసకపో."

"ఏమన్యావు? ఏమన్యావప్పా నువ్వు? సేను? ఇత్తనం? మొన్నటి వాన?"

"సేను కోరుకిద్దాం. ఎవురన్నా దున్నుకొని మన పాలు మనకిస్తారు."

"సిగ్గుండాదా నీకు! ఎవురికోసమో కాలు ఇచ్చేస్తావా? ఒకసారి ఇచ్చినావు కదా, సాలదా? ఆ రాజస్థాన్‌లో ఇచ్చినావు కదా!"

"ఆడ గూడా అంతే సిద్దమ్మా. ఎవురో ఒకరు ముందు కాలు పెడితేనే యెనకొచ్చేటోల్లకు దారి తెలిసేది. నేను పెట్టినా, పేలె. నా యెనక పదిమంది ఉన్యారు, వాళ్ళు ఆడనే ఆగిపోయినారు. పదిమందీ ఇండ్లకు పోయినారు కాల్లతో. అది తప్పంటావా?"

"తప్పే అంటా!"

"అనుకో. మేడం, రాసుకో నీ రిపోర్టులో. కుళ్ళాయప్ప తనే విప్పి ఇచ్చినాడని రాయి. గుంజుకున్యామని రాయొద్దు."

"రాస్తానన్నా. అట్లే రాస్తా."

"మచ్చు మీద నా చంకకట్టె ఉండాది, తియ్యి సిద్దమ్మా. ఏడుపు సాలు. ఆయమ్మను సాగనంపాల, కూచొని పంపితే బాగుండదు."

"నేను తియ్యను. నువ్వే ఎగిరి తీసుకో."

"అన్నా, నువ్వు లేవద్దు. నేను పోయొస్తా. మళ్ళా బేస్తవారం వస్తా."

"మల్లా వస్తావా? ఏమిటికి?"

"వారం వారం వస్తా."

"సూసినావా సిద్దమ్మా? నువ్వు తిట్టిన తిట్లన్నీ తిని, వారం వారం వస్తానంటాది. కాలు పాయ కదమ్మా, ఇంగ ఈడేముండాది సూసేదానికి?"

"నువ్వుండావు కదన్నా. ఒకటి మాత్రం గుర్తు పెట్టుకో. మొదలైన పొద్దు గుర్తు పెట్టుకో. పగలా, రాత్రా, ఏ వేలినుంచి మొదలైంది, ఎంతసేపు ఉండె. అంతా నాకు చెప్పాల."

"ఏం మొదలైతాది?"

"మంట."

"మంట పోయినాది కదమ్మా."

"కాలు తీసేసినాం కదన్నా. వస్తాదేమో."

"వస్తే మందిస్తావా?"

"ఇయ్యకూడదు. మందిస్తే ఏది ఎందుకు తగ్గిందో తెలియదు. నువ్వు కూడా ఎవరి దగ్గరా తీసుకోవద్దు, నాటుమందు కూడా వద్దు."

"ఏమమ్మా, నాకు తెలవక అడుగుతాండా. మంట వస్తాదని నీకు ముందే తెలుసునా?"

"వస్తుందో రాదో ఎవరికీ తెలియదు వదినా. అందుకే అన్నకు ముందుగా చెప్పలేదు. చెబితే ఎదురు చూస్తాడు, ఎదురు చూస్తే రాకపోయినా వచ్చినట్టుంటాది. మా పెద్ద డాక్టరు చెప్పొద్దన్నారు, ఇప్పుడు చెప్పింది కూడా ఎక్కువే."

"అవునులే, చెప్పకపోవడమే మంచిదైనాది. మేడం, ఆ మోకాలు విప్పేటప్పుడు జాగ్రత్త. లోపల కుడి పక్కన ఒక మర బిగుసుకొని ఉంటాది, కొంచెం నూనె ఎయ్యమను. ఏమమ్మా? ఏమైనాది? ఏడుస్తాండావా?"

"లేదన్నా."

"మోకాలు యాడ విప్పుతారు, బెంగుళూరులోనా? ఆ డాక్టరు పిల్లోల్ల ముందరనా?"

"మోకాలు ఎవరూ విప్పరన్నా. ఆ కాలు చేసిన కంపెనీ వాళ్ళు దాన్ని ఎప్పుడో చూసేసినారు. నీ కాలు ఆ పెట్టెలో ఊరికే ఉంటాది... నీకు మంట తిరిగి వస్తేనే, దాన్ని పోగొట్టింది ఈ కాలే అని నేను రాయగలిగేది."